గీత మీద కాపలా: సరిహద్దు శాంతి దళాలు ఏం ఆపగలవు, ఏం ఆపలేవు

2010 ఆగస్టు 3న ఇజ్రాయెల్-లెబనాన్ సరిహద్దులో ఒక చెట్టు గొడవలో నలుగురు చనిపోయారు. అదైసే అనే లెబనాన్ ఊరి పక్కన, ఇజ్రాయెల్ వేసుకున్న కంచెకి అవతల పెరిగిన చెట్టు అది. చూపుకి అడ్డం వస్తోందని ఇజ్రాయెల్ సైనికులు క్రేన్ తెచ్చి, దాన్ని కంచె మీంచి చాచి కొమ్మలు కొట్టడానికి దిగారు. కంచె దాటారంటే మా గడ్డ మీదికి వచ్చినట్టేనని లెబనాన్ సైన్యం అభ్యంతరం చెప్పింది, కాసేపట్లో కాల్పులు మొదలయ్యాయి. ఇద్దరు లెబనాన్ సైనికులు, ఒక లెబనాన్ జర్నలిస్టు, ఒక ఇజ్రాయెల్ అధికారి ప్రాణాలు పోయాయి. మర్నాడు అక్కడున్న ఐక్యరాజ్యసమితి దళం, యునిఫిల్, కొలిచి చూసి తేల్చింది: చెట్టు ఉన్నది ఇజ్రాయెల్ వైపే. ఎందుకంటే కంచె ఒకచోట ఉంది, సమితి 2000లో గీసిన అసలు గీత, అంటే బ్లూ లైన్, కొన్నిచోట్ల దానికి ఇంకాస్త అవతల ఉంది.

దీనికి నాలుగేళ్ల ముందు, 2006లో, ఇదే సరిహద్దులో లెబనాన్ సాయుధ సంస్థ హిజ్బుల్లా ఇద్దరు ఇజ్రాయెల్ సైనికుల్ని ఎత్తుకుపోతే 34 రోజుల యుద్ధం నడిచింది. 2010లో మాత్రం గొడవ ఆ రోజుతోనే ఆగింది. ఒకటి రెండు రోజుల్లోనే రెండు సైన్యాల అధికారులు రాస్ నఖూరా దగ్గర యునిఫిల్ శిబిరంలో కూర్చున్నారు. ఈ సమావేశాల తీరే వేరు. ఒకే గదిలో ఉంటారు గానీ ఒకరితో ఒకరు నేరుగా మాట్లాడుకోరు, చెప్పదలుచుకున్నదంతా యునిఫిల్ కమాండర్‌కి చెబుతారు, అవతలివాళ్లు వింటారు. చూసేవాళ్లకి కాస్త నవ్వొచ్చే ఏర్పాటే కానీ, శత్రుదేశాల సైన్యాలు క్రమం తప్పకుండా ఎదురెదురుగా కూర్చునే చోటు ఆ ప్రాంతంలో అదొక్కటే ఉండేది.

శాంతి దళాల వల్ల ఉపయోగం ఉందా అన్న ప్రశ్నకి సగం జవాబు ఇక్కడ దొరుకుతుంది. మిగతా సగం 2023 తర్వాత అదే సరిహద్దులో దొరికింది. ఆ ఏడాది అక్టోబరు 8 నుంచి హిజ్బుల్లా రాకెట్లు, ఇజ్రాయెల్ బాంబులు మొదలయ్యాక దాదాపు 10,000 మంది నీలి టోపీల సైనికులు, అందులో మన భారత బెటాలియన్ కూడా, బంకర్లలో తలదాచుకోవడం తప్ప చేయగలిగింది పెద్దగా లేకపోయింది. 2024 అక్టోబరులో ఇజ్రాయెల్ సైన్యం గీత దాటి లోపలికి వచ్చినప్పుడు యునిఫిల్ ఠాణాల మీదా దెబ్బలు పడ్డాయి, సైనికులు గాయపడ్డారు. ఖాళీ చేసి వెళ్లిపొమ్మని ఇజ్రాయెల్ చెప్పినా వాళ్లు కదల్లేదు, అది మెచ్చుకోవాల్సిందే. కానీ కదలకుండా కూర్చోవడం యుద్ధాన్ని ఆపినట్టు కాదు కదా.

తేడా ఎక్కడుంది? 2010 నాటి గొడవ ఎవరూ కోరుకున్నది కాదు. గీత ఎక్కడుందో స్పష్టంగా తెలియక, ఎదుటివాడి ఉద్దేశం అర్థంకాక, కింది స్థాయిలో పుట్టిన గొడవ. ఇలాంటి చోట మధ్యవర్తి చేతిలో ఉన్న మ్యాపూ, ఫోనూ, కాస్త నమ్మకమూ చాలు. 2023-24లో జరిగింది వేరు. రెండు వైపులా పైన కూర్చున్నవాళ్లు ఆలోచించుకుని తీసుకున్న నిర్ణయాలవి. అలాంటి నిర్ణయాన్ని ఆపే బలం ఏ పరిశీలక దళానికీ లేదు, ఉండాలని దాన్ని పంపినవాళ్లు కూడా అనుకోలేదు. గుట్ట మీది ఠాణాలోంచి బైనాక్యులర్స్‌తో చూసి రాసుకునేవాడి దగ్గర ట్యాంకుని ఆపే సాధనం ఏముంటుంది? ఆత్మరక్షణకి తప్ప తుపాకీ వాడకూడదు, చాలాచోట్ల అసలు తుపాకీయే ఉండదు.

ఈ రెండు రకాల ప్రమాదాల్ని కలిపేసి మాట్లాడటం వల్లే వీళ్ల గురించిన వాదన ఎప్పుడూ గందరగోళంగా నడుస్తుంది. యుద్ధం వస్తే "ఇన్ని కోట్లు పోసి ఏం లాభం" అంటారు, రాకపోతే "చూశారా, శాంతి దళం పనితనం" అంటారు. రెండూ తొందరపాటు మాటలే.

అలాగని యునిఫిల్ పని సాఫీగా సాగిందని కాదు. 2006 నాటి భద్రతా మండలి 1701వ తీర్మానం ప్రకారం లిటానీ నదికీ బ్లూ లైన్‌కీ మధ్య లెబనాన్ ప్రభుత్వ సైన్యం, యునిఫిల్ తప్ప ఇంకెవరి దగ్గరా ఆయుధాలు ఉండకూడదు. ఉన్నాయి, అందరికీ తెలుసు. కానీ ప్రైవేటు ఇళ్లలోకీ స్థలాల్లోకీ లెబనాన్ సైన్యం తోడు లేకుండా యునిఫిల్ వెళ్లి వెతకడానికి వీల్లేదు, ఆ సైన్యం తోడు రాదు, ఎప్పుడైనా కొత్త దారిలో గస్తీకి వెళితే ఊళ్లో జనం బళ్లకి అడ్డం పడేవారు. 2022 డిసెంబరులో అలాంటి ఒక ఘటనలో ఐరిష్ సైనికుడొకరు కాల్పుల్లో చనిపోయాడు. ఇంకోవైపు ఇజ్రాయెల్ విమానాలు దాదాపు రోజూ లెబనాన్ గగనతలంలోకి వచ్చిపోయేవి, యునిఫిల్ వాటిని లెక్కపెట్టి రిపోర్టు రాసేది, ఆ రిపోర్టు న్యూయార్క్ చేరేది, అక్కడితో కథ అయిపోయేది. చివరికి 2025 ఆగస్టులో, అమెరికా, ఇజ్రాయెల్ ఒత్తిడి మీద, 2026 డిసెంబరు 31తో యునిఫిల్ పని ముగించాలని భద్రతా మండలి తీర్మానించింది.

ఈ దళాల బలాన్నీ బలహీనతనీ ఒకేచోట చూడాలంటే మాత్రం లెబనాన్ కంటే ఇథియోపియా-ఎరిట్రియా ఉదాహరణే మంచిది. మన దగ్గర దీని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు గానీ, అక్కడ భారత బెటాలియన్ పనిచేసింది, 2004 నుంచి 2006 దాకా మేజర్ జనరల్ రాజేందర్ సింగ్ ఆ దళానికి ఫోర్స్ కమాండర్‌గా ఉన్నారు.

1998 మేలో బద్మే అనే చిన్న ఊరి కోసం మొదలైన యుద్ధం అది. అక్కడ చమురు లేదు, గనులు లేవు. 30 ఏళ్లు పోరాడి 1993లో ఇథియోపియా నుంచి విడిపోయిన ఎరిట్రియా, విడిపోయేటప్పుడు సరిహద్దు సరిగ్గా గీసుకోలేదు, అంతే. రెండేళ్లు కందకాల్లోంచి, మొదటి ప్రపంచ యుద్ధం రోజుల్లోలా, కొట్టుకున్నారు. 70,000 మందికి పైగా చనిపోయారని అంచనా. 2000 జూన్‌లో కాల్పుల విరమణ, డిసెంబరులో అల్జీర్స్‌లో శాంతి ఒప్పందం జరిగాయి. జూన్ విరమణ ఒప్పందం ప్రకారం సమితి అన్‌మీ అనే దళాన్ని పంపింది, 4,200 మంది దాకా. దాదాపు 1,000 కిలోమీటర్ల సరిహద్దు పొడవునా 25 కిలోమీటర్ల వెడల్పున ఒక తాత్కాలిక భద్రతా మండలం ఏర్పాటు చేశారు. ఫిరంగి గుండు అందని దూరం ఉండాలని ఆ వెడల్పు. ఒక్క విషయం గమనించాలి: ఆ మండలం మొత్తం ఎరిట్రియా నేల మీదే ఉంది. అంటే ఎరిట్రియా తన సొంత భూమిలోంచి తన సైన్యాన్ని వెనక్కి తీసుకోవాలి, ఇథియోపియా యుద్ధానికి ముందున్న చోటికి వెళ్లి నిలబడితే చాలు.

మొదట్లో అంతా బాగానే నడిచింది. నిజానికి బాగా కంటే బాగానే నడిచింది. మందుపాతరలు తీశారు, ఇళ్లు వదిలిపోయిన జనం తిరిగొచ్చారు, రెండు సైన్యాల అధికారులు నైరోబీలో సమితి కమాండర్ అధ్యక్షతన మాటిమాటికీ కలిసేవారు. పశువులు అవతలికి పోయాయి, మీవాళ్లు రాత్రి కాల్చారు, మావాళ్లు కాదు, ఇలాంటి గొడవలన్నీ కింది స్థాయిలోనే పరిష్కారమయ్యేవి. పత్రికల్లో ఒక్క ముక్క కూడా రాని పని ఇది. 2010లో లెబనాన్‌లో చేసిన పనీ ఇలాంటిదే.

అసలు సమస్య 2002 ఏప్రిల్ 13న వచ్చింది. ఒప్పందం ప్రకారం ఏర్పడిన సరిహద్దు కమిషన్ ఆ రోజు తీర్పు చెప్పింది. తుది తీర్పు, రెండు దేశాలూ కట్టుబడి ఉంటామని ముందే సంతకం చేసిన తీర్పు. మొదట ఇథియోపియా గెలిచామని సంబరం చేసుకుంది. తర్వాత కమిషన్ మ్యాపులు నేల మీద పెట్టి చూస్తే బద్మే ఎరిట్రియాకి వెళ్లిందని తేలింది. అంతమంది చనిపోయింది ఏ ఊరి కోసమో ఆ ఊరే పోయిందని ఇథియోపియా ప్రధాని మెలెస్ జెనావి సొంత జనానికి చెప్పలేకపోయారు. తీర్పు అన్యాయమని, మళ్లీ మాట్లాడుకోవాలని భద్రతా మండలికి ఉత్తరం రాశారు. సరిహద్దు రాళ్లు పాతడానికి వచ్చినవాళ్ల పని ఆగిపోయింది.

ఇప్పుడు మండలి ఏం చేయాలి? తీర్పు అమలు చెయ్యి అని ఇథియోపియాని గట్టిగా అడగాలి. అడగలేదు. విజ్ఞప్తులు చేసింది, ఆందోళన వ్యక్తం చేసింది, దళం గడువు పొడిగించింది. పక్కన సోమాలియా ఉంది, ఉగ్రవాదం మీద యుద్ధం నడుస్తోంది, అమెరికాకి ఇథియోపియా కావాలి. ఎరిట్రియా ఎవరికి కావాలి? తీర్పు తమవైపే వచ్చినా భూమి దక్కలేదు, పైగా 25 కిలోమీటర్ల సొంత నేల విదేశీ సైనికుల చేతిలో ఉంది. ఎరిట్రియా అధ్యక్షుడు ఇసయాస్ అఫెవెర్కి మంచి పాలకుడేమీ కాదు, తన దేశంలో ఒక్కసారి కూడా జాతీయ ఎన్నికలు జరపని మనిషి, కానీ ఈ ఒక్క విషయంలో ఆయన కోపానికి కారణం ఉంది.

ఆ కోపం తీర్చుకోవడానికి ఇథియోపియా చేతికి దొరకదు, మండలి చేతికి దొరకదు. చేతికి దొరికింది అన్‌మీ. 2005 అక్టోబరులో ఎరిట్రియా ఆ దళం హెలికాప్టర్లు ఎగరకూడదంది. కొండలూ ఎడారీ నిండిన ఆ సరిహద్దులో హెలికాప్టర్ లేకపోతే ఠాణాలకి చేరడమే కష్టం, గాయపడినవాడిని ఆస్పత్రికి రోడ్డు మీద గంటల తరబడి మోసుకుపోవాలి. చాలా ఠాణాలు ఎత్తేశారు, చూడగలిగిన ప్రాంతం సగం కంటే తక్కువకి పడిపోయింది. డిసెంబరులో అమెరికా, కెనడా, యూరప్ దేశాల సిబ్బందిని వెళ్లిపొమ్మంది. 2006 తర్వాత నైరోబీ సమావేశాలూ ఆగిపోయాయి. 2008 ఫిబ్రవరి నాటికి డీజిల్ కూడా ఆపేసింది. జనరేటర్లకీ బళ్లకీ ఇంధనం లేని శాంతి దళం ఏం చేస్తుంది, మూటలు సర్దుకుంది. 2008 జూలై 31తో అన్‌మీ అధికారికంగా ముగిసింది.

దళం వెళ్లిపోగానే యుద్ధం వస్తుందని అందరూ భయపడ్డారు. రాలేదు. అలాగని శాంతీ రాలేదు. పదేళ్లపాటు రెండు సైన్యాలు ఎదురెదురుగా నిలబడి, మధ్యలో 2016లో త్సొరొనా దగ్గర జరిగినలాంటి కొట్లాటలతో కాలం గడిపాయి. 2018లో అబీ అహ్మద్ ఇథియోపియా ప్రధాని అయ్యి తీర్పు ఒప్పుకుంటాననడంతో ఒక్కసారిగా సరిహద్దు తెరుచుకుంది, ఆయనకి 2019లో నోబెల్ శాంతి బహుమతి వచ్చింది, మరుసటి ఏడాదే ఇథియోపియా ఉత్తరాన టిగ్రే ప్రాంతంలో అంతర్యుద్ధం మొదలైంది. ఆ యుద్ధంలో ఎరిట్రియా సైన్యం అబీ పక్షాన పోరాడింది, ఇప్పుడు ఎర్రసముద్రం రేవు విషయంలో మళ్లీ వాళ్లిద్దరి మధ్యే టెన్షన్.

ఈ మొత్తం కథలో అన్‌మీ సైనికులు చేయాల్సినది చేయలేదని వేలెత్తి చూపించే చోటు దొరకదు. గీత మీద పనిచేసినవాళ్లు సరిగ్గానే చేశారు. తప్పంతా న్యూయార్క్‌లో జరిగింది. కాల్పుల విరమణ ఇచ్చిన ఆ కొన్నేళ్ల వ్యవధిని రాజకీయ పరిష్కారానికి వాడుకోవాల్సినవాళ్లు వాడుకోలేదు, ఆ వ్యవధిని కాపాడటానికి మాత్రం ఏడాదికి కోట్ల డాలర్లు ఖర్చు పెట్టారు. శాంతి దళం వైఫల్యం అని చరిత్రలో రాసేవాటిలో చాలా భాగం ఇలాంటివే అనిపిస్తుంది.

ఒకే వైపు నేల మీద ఉండటం అనే చిక్కు అన్‌మీతో పుట్టింది కాదు. సమితి మొట్టమొదటి సాయుధ శాంతి దళానికే ఈ జబ్బు ఉంది. 1956 సూయెజ్ గొడవ తర్వాత సినాయ్, గాజాల్లో పెట్టిన దళాన్ని తన వైపు ఉండనివ్వడానికి ఇజ్రాయెల్ ఒప్పుకోలేదు, అందుకని అది ఈజిప్టు వైపే ఉంది. 1967 మే 16 రాత్రి ఈజిప్టు సైన్యం నుంచి ఒక బ్రిగేడియర్ వచ్చి దళం కమాండర్ చేతికి ఉత్తరం ఇచ్చాడు, మీవాళ్లని సరిహద్దు నుంచి తీసెయ్యండని. ఆ కమాండర్ మన మేజర్ జనరల్ ఇందర్‌జిత్ రిఖీ. నా చేతిలో లేదు, న్యూయార్క్‌ని అడగాలి అన్నారాయన. సమితి ప్రధాన కార్యదర్శి ఊ థాంట్, ఆతిథ్య దేశం వద్దన్నాక ఉండలేమని ఒప్పుకున్నారు. జూన్ 5న యుద్ధం మొదలైంది, గాజాలో ఇంకా బయల్దేరని భారతీయ సైనికులు పదిమందికి పైగా అందులో చనిపోయారు. వాన మొదలవ్వగానే తీసేసే గొడుగు ఎందుకు అని ఇజ్రాయెల్ విదేశాంగ మంత్రి అబ్బా ఎబన్ సమితిలో ఎద్దేవా చేశారు. మాట బాగుంది. అయితే అదే మే నెలలో, పోనీ దళాన్ని మీ వైపు పెట్టుకోండి అని ఊ థాంట్ అడిగితే ఇజ్రాయెల్ కుదరదంది. గొడుగు పట్టుకోవడానికి ఎవరూ చెయ్యి చాచలేదు.

ఈ అలవాటు ఇప్పటికీ మారలేదు. జార్జియాలో 2008 నుంచి ఉన్న యూరోపియన్ యూనియన్ పరిశీలకులు ఆ దేశం నుంచి విడిపోయిన దక్షిణ ఒసేటియా, అబ్ఖాజియా లోపలికి వెళ్లలేరు, గీతకి ఇవతలి నుంచే చూస్తారు. తూర్పు ఉక్రెయిన్‌లో 2014 నుంచి 2022 దాకా పనిచేసిన ఓఎస్‌సీఈ (యూరప్ భద్రతా సహకార సంస్థ) పరిశీలకుల సంగతి ఇంకా విచిత్రం. డ్రోన్లు ఎగరేశారు, కెమెరాలు పెట్టారు, ఎన్ని పేలుళ్లు ఏ దిక్కున ఎన్ని కిలోమీటర్ల దూరంలో వినిపించాయో రోజూ రిపోర్టులు ఇచ్చారు, కొన్నేళ్లలో ఉల్లంఘనల లెక్క లక్షలు దాటింది. కానీ కాల్చింది ఎవరు అన్నది రాయలేదు. రష్యా కూడా సభ్యదేశంగా ఉన్న సంస్థ అది, అందరూ ఒప్పుకుంటే తప్ప గడువు పొడిగించడం కుదరదు. ఇక రష్యా-ఉక్రెయిన్ అసలు సరిహద్దులో, ప్రభుత్వం చేతిలో లేని వందల కిలోమీటర్ల భాగంలో, ఓఎస్‌సీఈ పరిశీలకులు నిలబడగలిగింది రెండంటే రెండు చెక్‌పోస్టుల దగ్గర. గుకొవో, దొనెత్స్క్ అనే ఆ రెండూ రష్యా వైపువే, 2021 సెప్టెంబరుతో ఆ పనికీ రష్యా ముగింపు పలికింది. తర్వాత అయిదు నెలలకి ఏం జరిగిందో తెలిసిందే. పరిశీలన అనేది ఇలా ఇరుకైపోతూ ఉంటే, ఆ ఇరుకే ఒక హెచ్చరిక. హెలికాప్టర్లు ఆపడం, గస్తీలకి దారులు మూయడం, చెక్‌పోస్టులోంచి పంపేయడం, వీటికి యుద్ధం మాటలకంటే ఎక్కువ విలువ ఇవ్వాలి.

మరి బాగా పనిచేసిన చోటు లేదా అంటే, సిరియా, ఇజ్రాయెల్ మధ్య ఉన్న గోలాన్ కొండలు ఉన్నాయి, కనీసం 37 ఏళ్లపాటు. 1973 యుద్ధం తర్వాత 1974 మే 31న సిరియా, ఇజ్రాయెల్ కుదుర్చుకున్న ఒప్పందం ఎంత వివరంగా ఉందంటే, మధ్యలో రెండు సైన్యాలూ అడుగుపెట్టకూడని దాదాపు 75 కిలోమీటర్ల పొడవైన పట్టీ, దానికి రెండు వైపులా మొదటి 10 కిలోమీటర్లలో ఒక్కొక్కరికి 6,000 మంది సైనికులు, 75 ట్యాంకులు, అంతకు మించకూడదు, ఆ తర్వాత 20, 25 కిలోమీటర్ల దాకా ఇంకొన్ని ఆంక్షలు. రెండు వారాలకోసారి సమితి పరిశీలకులు రెండు వైపులా వెళ్లి ట్యాంకులు లెక్కపెట్టేవారు. రెండు వైపులా, అదే ముఖ్యం. దాదాపు 1,200 మంది దళానికి లెక్కపెట్టడానికి స్పష్టమైన అంకెలు ఉన్నాయి, అంకె దాటితే దాటిందని ఇద్దరికీ తెలుస్తుంది, చాటుగా ట్యాంకులు పోగేసి అకస్మాత్తుగా దాడి చేయడం కష్టం. ఆ నిశ్శబ్దంలోనే, ఇజ్రాయెల్ ఆక్రమణలో ఉన్న గోలాన్‌లో డ్రూజ్ అనే మతవర్గానికి చెందిన రైతులు పండించిన ఆపిల్స్‌ని కునైత్రా దారిలో రెడ్‌క్రాస్ లారీలు సిరియా మార్కెట్‌కి చేర్చేవి. రెండు దేశాలూ కాగితం మీద యుద్ధంలోనే ఉన్నాయి, ఆపిల్స్ మాత్రం వెళ్లేవి.

ఇంత బాగా నడవడానికి మొదటి కారణం సిరియాలోని అసద్ ప్రభుత్వానికీ ఇజ్రాయెల్‌కీ ఆ గీత ప్రశాంతంగా ఉండటమే కావాలి. ఆ ఇద్దరిలో ఒకరు బలహీనపడగానే ఏర్పాటు కూలింది. సిరియా అంతర్యుద్ధం నడుస్తుండగా 2014 ఆగస్టులో అల్ నుస్రా తీవ్రవాదులు 45 మంది ఫిజీ సైనికుల్ని పట్టుకుపోయారు, ఫిలిప్పీన్స్ సైనికులు ఠాణాల్లో చుట్టుముట్టబడి రాత్రికి రాత్రి తప్పించుకున్నారు, దళంలో ఎక్కువమంది ఇజ్రాయెల్ ఆధీనంలోని వైపు వెళ్లిపోవాల్సి వచ్చింది. ఫిజీవాళ్లు తర్వాత క్షేమంగానే బయటపడ్డారు. 1974 ఒప్పందం మీద అల్ నుస్రా సంతకం పెట్టలేదు కదా, దానికి ఆ గీతతో పనేముంది. ఆపైన 2024 డిసెంబరు 8న అసద్ పారిపోగానే ఇజ్రాయెల్ సైన్యం మధ్య పట్టీలోకి, హెర్మోన్ పర్వతం మీదికి వచ్చేసింది, ఒప్పందం కుప్పకూలిందని నెతన్యాహు ప్రకటించారు. ఇది ఉల్లంఘనే అని సమితి చెప్పింది. భద్రతా మండలి మాత్రం ఆరు నెలలకోసారి దళం గడువు పొడిగిస్తూనే ఉంది, అమెరికా, రష్యా కలిసి తీర్మానం పెట్టే అతి కొద్ది విషయాల్లో ఇదొకటి.

పరిశోధనలు కూడా దాదాపు ఇటే చూపిస్తాయి. దేశాల మధ్య కాల్పుల విరమణల మీద పనిచేసిన అమెరికా రాజనీతి పరిశోధకురాలు పేజ్ ఫోర్ట్నా లాంటివాళ్లు ఎప్పుడో చెప్పిన విషయం ఏంటంటే, శాంతి దళాల్ని పంపేది తేలికైన చోట్లకి కాదు, మళ్లీ కొట్టుకునే అవకాశం ఎక్కువున్న చోట్లకి, కాబట్టి దళం ఉన్నచోటా లేనిచోటా జరిగిన యుద్ధాల్ని ఊరికే పక్కపక్కన పెట్టి లెక్కేస్తే తప్పు జవాబు వస్తుంది. ఆ తేడా సరిచేసి చూస్తే దళం ఉన్నచోట విరమణ ఎక్కువ కాలం నిలిచింది. సైన్యాలు లేని మధ్య పట్టీ, రెండు వైపుల అధికారులు కూర్చునే ఉమ్మడి కమిషన్, ఇవి ఉంటే మరీ మంచిది. దీనికి ఎదురువాదం సైప్రస్. 1964 నుంచి దళం ఉంది, 1974 నుంచి 180 కిలోమీటర్ల మధ్య పట్టీ ఉంది, మన జనరల్ తిమ్మయ్య ఆ దళానికి కమాండర్‌గా ఉండగానే 1965లో అక్కడ కన్నుమూశారు, సమస్య మాత్రం అలాగే ఉంది. ప్రశాంతత అలవాటైపోయి పరిష్కారం తొందర ఎవరికీ లేకుండా పోయిందంటారు. అందులో నిజముంది. అయితే ఆ తొందర పుట్టడానికి మళ్లీ నాలుగు శవాలు లేవాలని అనేవాళ్లెవరూ ఆ ద్వీపంలో నివసించరు.

ఇక కశ్మీర్. ప్రపంచంలో అన్నిటికంటే పాత దళాల్లో రెండోది మన దగ్గరే ఉంది, అన్‌మోగిప్ అనే సమితి పరిశీలక బృందం. 1949 జనవరిలో వచ్చిన ఈ పరిశీలకుల చేతిలో ఆయుధాలు ఉండవు. చాలా ఏళ్లుగా వాళ్ల సంఖ్య 40 ప్రాంతంలోనే ఉంది. 1971 యుద్ధం, 1972 సిమ్లా ఒప్పందం తర్వాత భారత్ వాదన ఒక్కటే: పాత కాల్పుల విరమణ రేఖ పోయి నియంత్రణ రేఖ వచ్చింది, ఇది రెండు దేశాల మధ్య విషయం, ఈ దళం పని అయిపోయింది. పాకిస్తాన్ ఒప్పుకోదు. భద్రతా మండలి చెబితే తప్ప ఎత్తేయలేమని సమితి అంటుంది. ఫలితంగా పాకిస్తాన్ ఫిర్యాదులు ఇస్తూ ఉంటుంది, భారత్ 1972 నుంచి ఒక్కటీ ఇవ్వదు, ఇవతలి వైపు పరిశీలకులు తిరగగలిగే చోట్లు పరిమితం. 2014లో ఢిల్లీలో వాళ్లకి ఉచితంగా ఇచ్చిన బంగళాని కూడా ప్రభుత్వం ఖాళీ చేయమంది.

కానీ ఇదే నియంత్రణ రేఖ మీద ఏదైనా పనిచేసిందంటే అది రెండు సైన్యాల డీజీఎంఓల (సైనిక కార్యకలాపాల డైరెక్టర్ జనరళ్ల) మధ్య ఉన్న హాట్‌లైన్. 2003 నవంబరు కాల్పుల విరమణ పరిశీలకులు తెచ్చింది కాదు. 2021 ఫిబ్రవరి 25న ఇద్దరు డీజీఎంఓలూ కలిసి చేసిన ప్రకటనతో నియంత్రణ రేఖ మీద ఫిరంగులు ఆగాయి, పూంఛ్, ఉరీ వైపు గ్రామాల్లో జనం మళ్లీ పొలాలకి వెళ్లారు, 2025 ఏప్రిల్‌లో పహల్గామ్ దాడి దాకా అది చాలావరకు నిలిచింది. గోలాన్‌లో లెక్కపెట్టేవాళ్లకీ, నైరోబీలో కూర్చోబెట్టేవాళ్లకీ ఉన్న పనిని ఇక్కడ ఫోన్ చేస్తోంది, ఎందుకంటే రెండు వైపులా మాట్లాడుకోగల సైన్యాలు ఉన్నాయి. ఇథియోపియా-ఎరిట్రియాలకి అలాంటి ఫోన్ లేదు, ఇజ్రాయెల్-లెబనాన్‌లకి రాస్ నఖూరా గది తప్ప ఏళ్ల తరబడి ఇంకేమీ లేదు. బయటివాళ్లు ఎక్కడ కావాలి, ఎక్కడ అక్కర్లేదు అనేది చాలావరకు ఈ ఒక్క తేడా మీదే ఆధారపడి ఉంటుంది. అయితే ఫోన్‌కీ అదే హద్దు ఉంది. 2025 మే 7న ఆపరేషన్ సిందూర్ మొదలవ్వాలని ఢిల్లీ నిర్ణయించినప్పుడు దాన్ని ఆపే పని హాట్‌లైన్‌ది కాదు. ఆగాలనుకున్నాక మాత్రం, మే 10 మధ్యాహ్నం 3.35కి పాకిస్తాన్ డీజీఎంఓ ఫోన్ చేశారు, సాయంత్రం 5 గంటల నుంచి కాల్పులు ఆపాలని అనుకున్నారు.

అన్‌మోగిప్ ఆఫీసు మాత్రం ఇప్పటికీ చలికాలం ఇస్లామాబాద్‌కి, ఎండాకాలం శ్రీనగర్‌కి మారుతూ ఉంటుంది. గోలాన్ దళంలా దీనికి ఆరు నెలలకోసారి మండలిలో ఓటు అవసరం లేదు, సమితి మామూలు బడ్జెట్‌లోంచే ఖర్చు వస్తుంది, కాబట్టి ఉంచాలా తీసెయ్యాలా అని ఎవరూ చెయ్యెత్తాల్సిన రోజు కూడా రాదు.